కొత్త బ్యాండ్లు కావాలంటే ప్రొడ్యూసర్ పేరు చూడండి

కొత్త రాక్, పాప్ వినాలని ఉన్నా ఎక్కడ మొదలెట్టాలో తెలియకపోతే, యాప్ ఇచ్చే లిస్టులను కాసేపు పక్కన పెట్టండి. నిన్న విన్నవాటిలాంటివే అవి మళ్లీ వడ్డిస్తాయి. నచ్చిన పాటకు క్రెడిట్స్ (పనిచేసినవాళ్ల పేర్లు) తెరిచి, ప్రొడ్యూసర్ ఎవరో, అంటే రికార్డింగ్‌ను తీర్చిదిద్దింది ఎవరో చూసి, ఆ పేరుతో వెతకండి.

ఉదాహరణకు డబ్లిన్ బ్యాండ్ ఫాంటెయిన్స్ డి.సి. నచ్చిందనుకోండి. 2019లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌కు ప్రొడ్యూసర్ డాన్ కేరీ. అదే ఏడాది బ్లాక్ మిడి, 2021లో స్క్విడ్, 2022లో వెట్ లెగ్ తొలి ఆల్బమ్‌ల వెనకా ఆయనే ఉన్నాడు. అలాగని అన్నీ ఒకేలా ఉండవు. వెట్ లెగ్ చిలిపి పాటలు వెంటనే ఎక్కేస్తాయి. బ్లాక్ మిడి మాత్రం మొదటిసారి గోలగోలగా అనిపిస్తుంది (నిజంగా గోలే!).

అలాంటి వాళ్లను ముందు లైవ్‌లో చూడండి. సియాటిల్ రేడియో కేఈఎక్స్‌పీ సెషన్లు యూట్యూబ్‌లో ఉచితం. బ్లాక్ మిడి డ్రమ్మర్ మోర్గన్ సింప్సన్ చేతులనే గమనిస్తే తాళం లెక్క ఎక్కడ మారుతోందో తెలుస్తుంది. ఆ తర్వాత ఆల్బమ్ పెట్టుకోండి, ఈసారి హెడ్‌ఫోన్స్‌తో. అప్పటికీ ఎక్కకపోతే టెన్షన్ ఎందుకు, క్రెడిట్స్‌లో ఇంకో పేరు పట్టుకోండి.