రోడ్ రేసులో సీటు తిమ్మిరి: నాకు పనిచేసిన సవరణ

మహిళల సైకిల్ రోడ్ రేసుల్లో గుంపుతో పాటు హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని 30-40 కిలోమీటర్లు తొక్కేసరికి, సీటు ముందు భాగం తగిలే చోట నాకు తిమ్మిరి, ఆ తరువాత మంట మొదలయ్యేవి. మెత్తని సీటు, జెల్ కవరు, మందమైన ప్యాడ్ ఉన్న షార్ట్స్, క్రీములు ఏవీ పనిచేయలేదు. మెత్తదనం నిజానికి బాధను పెంచింది, ఎందుకంటే కూర్చున్నప్పుడు బరువు మోసే పిరుదుల ఎముకలు అందులోకి దిగబడినప్పుడు సీటు మధ్యభాగం పైకి పొంగి ఒత్తుతుంది.

చివరికి గట్టి బల్లపై అట్టపెట్టె ముక్క పరిచి, దానిపై కూర్చుని, రేసులో వంగినట్లే ముందుకు వంగి, ఆ ఎముకల వల్ల అట్టపై పడిన రెండు గుంటల నడిబొడ్డుల మధ్య దూరం కొలిచాను: 132 మిల్లీమీటర్లు. నా సీటు మొత్తం వెడల్పే 135! 155 వెడల్పుతో, మధ్యలో ఖాళీ ఉన్న సీటును బిగించి, సమతలమైన నేలపై సైకిల్ నిలిపి, ఫోనులోని లెవల్‌తో చూసుకుంటూ సీటు ముక్కును 2 డిగ్రీలు కిందికి వంచాను. అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ యూసీఐ నిబంధన 9 డిగ్రీల వరకు అనుమతిస్తుంది గాని, 4 డిగ్రీలు ప్రయత్నించినప్పుడు నేను ముందుకు జారి, బరువంతా అరచేతులపై పడింది. కొత్త సీటు పాతదానికంటే మందంగా ఉన్నందున సీటు గొట్టాన్ని 5 మిల్లీమీటర్లు దించాను. ఈ పని నేను మొదట మరచి, మోకాలి వెనుక లాగుడు వచ్చాక గుర్తించాను.

తరువాతి రెండు రేసుల్లో తిమ్మిరి రాలేదు. వెడల్పు, వంపు రెండూ ఒకే వారంలో మార్చాను కనుక ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఎముకల దూరం మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి నా అంకెలు మీకు సరిపోకపోవచ్చు. వాపుగాని పుండుగాని ఉంటే సీటు మార్చే ముందే వైద్యురాలికి చూపించండి.