లెడ్జర్‌లో బ్యాలెన్స్ సున్నా చూపిస్తోందా? హార్డ్‌వేర్ వాలెట్ సమస్యలు - పరిష్కారాలు

2024 జులై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్ముకునే చోటు) నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టోని దొంగలు ఎత్తుకుపోయారు. అందులో డబ్బు పెట్టినవాళ్లు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ తర్వాత నాకు తెలిసినవాళ్లలో చాలామంది హార్డ్‌వేర్ వాలెట్ (క్రిప్టో తాళంచెవిని దాచే చిన్న పరికరం) కొనుక్కున్నారు, ఎక్కువమంది లెడ్జర్ కంపెనీది, కొందరు ట్రెజార్ కంపెనీది. మంచి పనే చేశారు. కానీ ఏదైనా తేడా వస్తే ఏం చేయాలో తెలియక టెన్షన్ పడి, ఆ టెన్షన్‌లో చేయకూడని పని చేసేస్తున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క సంగతి. మీ కాయిన్లు డివైస్‌లో లేవు, కంప్యూటర్‌లోని యాప్‌లోనూ లేవు. అవి బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతా పుస్తకం మీద ఉన్నాయి. డివైస్‌లో ఉండేది వాటిని కదిలించే తాళంచెవి. ఆ తాళంచెవికి అసలు రూపం మీరు కాగితం మీద రాసుకున్న 24 పదాలు (కొన్ని ట్రెజార్లలో 12 లేదా 20). యాప్ చేసేది బ్లాక్‌చెయిన్‌ని చూసి లెక్క చెప్పడం. కింద చెప్పేవాటిలో చాలా సమస్యలు చూపించడంలో తేడాలే.

కంప్యూటర్ డివైస్‌ని గుర్తించడం లేదు

చాలాసార్లు కారణం కేబులే. ఫోన్ చార్జింగ్‌కి వాడే కొన్ని కేబుళ్లలో డేటా వైర్లు ఉండవు. డివైస్ వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం కనిపించదు. పెట్టెలో వచ్చిన కేబులే వాడండి, హబ్ లేకుండా నేరుగా పోర్ట్‌కి పెట్టండి. డివైస్‌లో పిన్ కొట్టి లాక్ తీశారో లేదో చూడండి. డివైస్‌తో ఒకేసారి రెండు ప్రోగ్రాములు మాట్లాడలేవు కాబట్టి బ్రౌజర్‌లో వేరే వాలెట్ తెరిచి ఉంటే మూసేయండి. లినక్స్ వాడేవాళ్లు యుడెవ్ రూల్స్ (డివైస్‌ని వాడుకునే అనుమతి ఇచ్చే సెట్టింగ్) వేసుకోవాలి, అవి లేకపోతే ఎన్ని కేబుళ్లు మార్చినా ఫలితం ఉండదు.

యాప్‌లో బ్యాలెన్స్ సున్నా

మా బావమరిది ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. లాప్‌టాప్ ఫార్మాట్ చేసి, లెడ్జర్ యాప్ లెడ్జర్ లైవ్ మళ్లీ వేసుకున్నాడు (ఇప్పుడు దాని పేరు లెడ్జర్ వాలెట్). బిట్‌కాయిన్ అకౌంట్ చేర్చితే సున్నా చూపించింది. గొంతు వణుకుతోంది. "బావా, గూగుల్‌లో వెతికితే ఒక సైట్ దొరికింది, 24 పదాలు ఎక్కిస్తే బ్యాలెన్స్ తిరిగి వస్తుందట, ఎక్కించనా?" అన్నాడు. ముందు ఆ పేజీ మూసేయమన్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని వెతికితే పది నిమిషాల్లో కాయిన్లు కనిపించాయి.

అతని విషయంలో కారణం అడ్రస్ రకం. ఒకే 24 పదాల నుంచి బిట్‌కాయిన్‌కి నాలుగు రకాల అడ్రస్‌లు పుడతాయి: 1తో మొదలయ్యే పాత రకం, 3తో మొదలయ్యేది, బీసీ1క్యూ (bc1q)తో, బీసీ1పీ (bc1p)తో మొదలయ్యేవి. యాప్ మామూలుగా బీసీ1క్యూ రకాన్ని చేర్చుతుంది. అతని కాయిన్లు పాత ఎక్స్ఛేంజ్ రోజుల్లో 3తో మొదలయ్యే అడ్రస్‌కి వచ్చినవి. అకౌంట్ చేర్చేటప్పుడు అన్ని రకాల అడ్రస్‌లూ చూపించే ఎంపిక నొక్కితే అవి బయటపడ్డాయి.

మీది ఆ కేసు కాకపోతే ఇంకో రెండు కారణాలు చూడండి. ఒకటి, యాప్ పాత లెక్కే పట్టుకుని ఉండటం. సెట్టింగ్స్‌లో హెల్ప్ కింద కాష్ (యాప్ దాచుకున్న పాత డేటా) క్లియర్ చేసి, మళ్లీ సింక్ అయ్యేదాకా ఆగండి. రెండోది పాస్‌ఫ్రేజ్. 24 పదాలకు తోడు మీరే పెట్టుకునే మాట అది, 25వ పదం అంటారు. ఇక్కడ జాగ్రత్త: పాస్‌ఫ్రేజ్ తప్పు కొడితే డివైస్ తప్పు అని చెప్పదు. మరో కొత్త, ఖాళీ వాలెట్ తెరుస్తుంది. పెద్ద అక్షరం బదులు చిన్న అక్షరం కొట్టినా, ఒక ఖాళీ ఎక్కువ పడినా అంతే. సున్నా చూసి కంగారు పడకుండా పాస్‌ఫ్రేజ్‌ని రాసుకున్నది రాసుకున్నట్టు మళ్లీ కొట్టండి.

ఈ మూడూ చూసేలోపు ఒక పరీక్ష చేయవచ్చు. మీరు గతంలో కాయిన్లు అందుకున్న అడ్రస్‌ని ఏదైనా బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (బ్లాక్‌చెయిన్‌లో ఉన్నది చూపించే వెబ్‌సైట్) వెతకండి. అక్కడ బ్యాలెన్స్ ఉంటే సమస్య యాప్‌ది, మీ డబ్బుది కాదు. బిట్‌కాయిన్‌కి యాప్ ఒక్కో రాకకు కొత్త అడ్రస్ ఇస్తుంది కాబట్టి డబ్బు రెండు మూడు అడ్రస్‌లలో చీలి ఉండవచ్చు. పాత అడ్రస్‌లన్నీ మీవే, పనిచేస్తూనే ఉంటాయి.

ఎక్స్ఛేంజ్ నుంచి పంపాను, రాలేదు

యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన కాయిన్) పంపేవాళ్లకి ఇది తరచుగా ఎదురవుతుంది. ఇథీరియం అడ్రస్ ఇచ్చి, ఫీజు తక్కువని ఎక్స్ఛేంజ్‌లో బీఎన్‌బీ చెయిన్ ఎంచుకుంటారు. ఇథీరియం అకౌంట్‌లో వెతికితే అది కనిపించదు. కాయిన్లు పోలేదు. ఆ రెండు నెట్‌వర్క్‌లలోనూ మీ అడ్రస్ ఒకటే, తాళంచెవి ఒకటే. యాప్‌లో బీఎన్‌బీ చెయిన్ అకౌంట్ చేర్చండి, డబ్బు అక్కడ ఉంటుంది. పాలీగాన్ నెట్‌వర్క్‌కీ ఇదే వర్తిస్తుంది.

యూఎస్‌డీటీ ఉంది, పంపబోతే ఫీజు చాలదంటోంది

ఫీజు మామూలుగా ఆ నెట్‌వర్క్ సొంత కాయిన్‌లోనే కట్టాలి. ఇథీరియం మీద యూఎస్‌డీటీ కదలాలంటే కొంచెం ఈథర్, ట్రాన్ మీద అయితే టీఆర్‌ఎక్స్ ఉండాలి. కొద్దిగా తెప్పించి అదే అడ్రస్‌లో పెట్టుకోండి.

బిట్‌కాయిన్ పంపి గంటలైంది, కన్ఫర్మ్ కాలేదు

ఫీజు తక్కువ పెట్టారు. ట్రెజార్ యాప్ ట్రెజార్ సూట్‌లో ఫీజు పెంచే బటన్ ఉంటుంది. లేకపోతే ఆగండి. సాధారణంగా రెండు వారాలు దాటితే నోడ్‌లు (నెట్‌వర్క్‌ని నడిపే కంప్యూటర్లు) ఆ లావాదేవీని వదిలేస్తాయి, కాయిన్లు మీ దగ్గరే ఉన్నట్టు మళ్లీ కనిపిస్తాయి. యాప్ తీసేసి మళ్లీ వేస్తే ఏమీ మారదు.

పిన్ మరిచిపోయాను

లెడ్జర్‌లో మూడుసార్లు తప్పు కొడితే డివైస్ తనను తాను తుడిచేసుకుంటుంది. ట్రెజార్‌లో అంతకంటే ఎక్కువ ప్రయత్నాలు ఉంటాయి, ఒక్కో తప్పుకీ ఆగాల్సిన సమయం పెరుగుతూ పోతుంది. తుడిచేసుకోవడం కాపలా కోసమే. 24 పదాలు మీ దగ్గర ఉంటే డివైస్‌లోనే వాటిని ఎక్కించి, కొత్త పిన్ పెట్టుకోండి. పదాలు లేకపోతే మాత్రం పిన్ గురించి గుడ్డిగా ఊహించకండి. మూడో ప్రయత్నానికి ముందు ఆగి, ఇల్లంతా వెతకండి.

పదాలు ఎక్కిస్తుంటే చెల్లవు అంటోంది

24 పదాలన్నీ 2048 ఇంగ్లిష్ పదాల ఒకే జాబితా నుంచి వస్తాయి. చివరి పదంలో మిగతావాటి లెక్కను సరిచూసే భాగం దాగి ఉంటుంది. అందుకే 24 పదాల్లో ఒకటి తప్పు పడితే డివైస్ దాన్ని దాదాపు ఎప్పుడూ పట్టుకుంటుంది. 256 సార్లలో ఒక్కసారే తప్పించుకోగలదు. జాబితాలో ఏ రెండు పదాల మొదటి నాలుగు అక్షరాలూ ఒకటి కావు. కానీ చేతిరాతలో వైన్ (wine), వింగ్ (wing), వింక్ (wink) ఒకేలా కనిపించవచ్చు. అనుమానమున్న పదాన్ని ఒక్కొక్కటిగా మార్చి చూడండి. వరుస సంఖ్య కూడా చూసుకోండి, రెండు నిలువు వరుసల్లో రాసుకుంటే అడ్డంగా చదివే పొరపాటు జరుగుతుంది. లెడ్జర్‌లో రికవరీ చెక్ అనే యాప్ ఉంది. సమస్య రాకముందే ఏడాదికోసారి దాంతో మీ కాగితాన్ని సరిచూసుకోండి, అంతా డివైస్ మీదే జరుగుతుంది.

కంప్యూటర్ స్క్రీన్ మీద ఒక అడ్రస్, డివైస్ మీద మరో అడ్రస్

డివైస్‌ది నమ్మండి, రిజెక్ట్ నొక్కండి. కాపీ చేసిన అడ్రస్‌ని మార్చేసే వైరస్ కంప్యూటర్‌లో ఉండవచ్చు. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి వదిలేయకండి, అవి కలిసేలా అడ్రస్‌లు తయారుచేసే దొంగలూ ఉన్నారు. మొత్తం చదవండి.

డివైస్ స్క్రీన్ మీద అర్థంకాని సంఖ్యలు మాత్రమే కనిపించి, బ్లైండ్ సైనింగ్ (వివరాలు చూడకుండా లావాదేవీకి సంతకం చేయడం) అడిగితే ఇంకా జాగ్రత్త. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్ దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోగొట్టుకుంది. సంతకం చేసినవాళ్ల చేతుల్లోనూ హార్డ్‌వేర్ వాలెట్లే ఉన్నాయి. వాళ్లు వాడిన వెబ్ పేజీని దొంగలు మార్చేశారు. పేజీ ఒకటి చూపించింది, సంతకం మరోదానికి పడింది. చదివి అర్థం చేసుకోలేనిది దేనికీ సంతకం చేయకండి.

పదాలు ఎక్కడో టైప్ చేసేశాను

ఈ ఒక్క దానిలో ఆలస్యం చేయకూడదు. 2023 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే నకిలీ లెడ్జర్ లైవ్ పెట్టి సుమారు 6 లక్షల డాలర్లు కొట్టేశారు. 2020లో లెడ్జర్ కస్టమర్ల వివరాలు బయటికి వచ్చాయి, వాళ్లలో దాదాపు 2,72,000 మంది పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు కూడా. అప్పటినుంచి కంపెనీ పేరుతో మెయిళ్లు, ఇంటికి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఏ కంపెనీకీ మీ పదాలతో పని లేదు. కంప్యూటర్‌లో, ఫోన్‌లో పదాలు అడిగేది ఏదైనా దొంగదే అనుకోండి.

టైప్ చేసేసి ఉంటే పిన్ మార్చడం, యాప్ తీసేయడం, యాంటీవైరస్ నడపడం వల్ల లాభం లేదు. పదాలు దొంగ చేతికి వెళ్లాయి, ఆ పదాలతో మీ డివైస్ లేకుండానే అతను కాయిన్లు కదిలించగలడు. వెంటనే, ఇప్పుడున్న డివైస్ నుంచే కాయిన్లన్నీ ఎక్స్ఛేంజ్‌లోని మీ అకౌంట్‌కి గానీ, వేరే పదాలతో ఉన్న మరో వాలెట్‌కి గానీ పంపేయండి. పెద్ద మొత్తం ముందు, చిన్నవి తర్వాత. ఫీజు ఎక్కువే పెట్టండి. మొత్తం కన్ఫర్మ్ అయ్యాక డివైస్‌ని రీసెట్ చేసి, పాత పదాలు కాకుండా కొత్త డివైస్‌గా సెట్ చేయండి. కొత్త 24 పదాలు వస్తాయి. వాటిని కాగితం మీద రాసి, ఫొటో తీయకుండా దాచి, ముందు కొద్ది మొత్తం పంపి చూసి, ఆ తర్వాతే మిగతాది వెనక్కి తెచ్చుకోండి.