గుడ్డు నీడలో కోడి: ఒక్క కొవ్వొత్తితో తమాషా ఫోటో

కొవ్వొత్తి వెలుగు అనగానే ఫోటో పోటీల్లో వచ్చేవి ఎక్కువగా చేతుల మధ్య దీపం, మంట వైపు చూస్తున్న ముఖం. నవ్వు తెప్పించే ఫోటో కావాలంటే మంటని కాకుండా నీడని నమ్ముకోవాలి. బల్ల మీద గుడ్డు ఉంటుంది. గోడ మీద దాని నీడ మాత్రం కోడి. పైగా ఆ కోడి ముక్కు గుడ్డు వైపే తిరిగి ఉంటుంది. ఎడిటింగ్ ఏమీ అక్కర్లేదు.

కిటుకు ఒక అట్టముక్కలో ఉంది. దాన్ని గుడ్డు వెనక, అంచు కెమెరాకి ఎదురుగా వచ్చేలా నిలబెడతాం. కెమెరాకి కనబడేది అట్ట మందం మాత్రమే, అది గుడ్డు చాటున పోతుంది. పక్క నుంచి వచ్చే కొవ్వొత్తి వెలుగుకి మాత్రం అట్ట మొత్తం అడ్డమే.

కావలసినవి: ఉడికించిన తెల్ల గుడ్డు, అట్టముక్క కోసం పాత శుభలేఖ (మందంగా ఉంటుంది, వెలుగు దూరదు), ఒక టీలైట్ (చిన్న గిన్నెలో ఉండే పొట్టి కొవ్వొత్తి), కాస్త చపాతీ పిండి, గోడకి తెల్ల చార్ట్, మాన్యువల్ సెట్టింగులున్న ఫోన్.

అట్టని 5 సెం.మీ. వెడల్పు, 5.5 సెం.మీ. ఎత్తుకి మించకుండా కత్తిరించండి. గుడ్డుని తాకే వైపు మెడ వెడల్పుగా ఉండాలి. గోడ వైపు 2.5 సెం.మీ. తల, దాని నుంచి ఒక సెంటీమీటరు ముక్కు, పైన మూడు మొనల జుట్టు. మొనల్ని కాస్త అతిగానే గీయండి. మంట నిలువుగా పొడవు కాబట్టి నీడ పై అంచులు, కింది అంచులు పక్క అంచుల కన్నా ఎక్కువ చెదురుతాయి, చిన్న మొనలు కలిసిపోతాయి. కంటికి ఆఫీసు పంచింగ్ మెషీన్ వేసే 6 మి.మీ. రంధ్రం సరిపోతుంది, సూదితో పొడిచింది కనబడదు. తోక ఉండదు. జుట్టూ ముక్కూ కనబడ్డాక తోక ఎవరూ వెతకరు.

గుడ్డుని పిండి ముద్ద మీద నిలువుగా నిలబెట్టి, అట్టని దాని వీపుకి ఆనించి కింద ఇంకొంచెం పిండితో బిగించండి. అట్ట ముక్కుకీ గోడకీ మధ్య 5 సెం.మీ. ఖాళీ ఉండాలి. అంతకన్నా దగ్గరైతే కోడి తల నీడ గుడ్డు చాటుకి పోతుంది.

ఇక టీలైట్. గుడ్డు నుంచి 50 సెం.మీ. ఎడమకి, అక్కడి నుంచి 50 సెం.మీ. కెమెరా వైపుకి, అంటే 45 డిగ్రీల కోణంలో పెట్టండి. ఈ కోణంలో అట్ట వెడల్పు నీడలోనూ దాదాపు అంతే వస్తుంది, కోలగా ఉన్న గుడ్డు నీడ మాత్రం అడ్డంగా సాగి దాదాపు గుండ్రంగా, బొద్దైన కోడి ఒళ్లులా పడుతుంది. మంట గుడ్డు నడుము కన్నా ఎత్తులో ఉండకూడదు. పొడుగు కొవ్వొత్తి పెడితే నీడ కిందికి జారి కోడి పొట్టిదైపోతుంది. టీలైట్ దొరక్కపోతే మామూలు కొవ్వొత్తిని 2 సెం.మీ. ముక్కగా కోసి వాడండి. రెండోది వెలిగిస్తే రెండో నీడ వస్తుంది, ఇక అది కోడీ కాదు, ఏదీ కాదు.

ఈ ఫోటోకి పెద్ద కెమెరా కన్నా ఫోనే నయం. గుడ్డూ, దాని వెనక 12 సెం.మీ. దూరంలో ఉన్న గోడా రెండూ స్పష్టంగా రావాలి. ఫోన్‌లో వెలుగుని పట్టే భాగం, అంటే సెన్సార్, చిన్నది కాబట్టి దానికి అది తేలిక. ఫోన్‌ని అడ్డంగా తిప్పి, లెన్స్ బల్లకి దగ్గరగా వచ్చేలా బియ్యం సంచికి ఆనించి, గుడ్డుకి ఎదురుగా 55 సెం.మీ. దూరంలో పెట్టండి. స్క్రీన్‌లో గుడ్డు పైన గానీ పక్కన గానీ సన్నటి గీత కనబడితే అది అట్ట అంచే. గుడ్డుని కదపకండి, గీత మాయమయ్యేదాకా ఫోన్‌నే వెంట్రుకవాసి పక్కకి గానీ కిందికి గానీ జరపండి. ఎక్కువ సమయం తినే పని ఇదే.

గది లైటు ఆర్పేముందే గుడ్డు మీద ఫోకస్ లాక్ చేయండి, చీకట్లో అది తడబడుతుంది. ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400, షటర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) అర సెకను, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 2700 కెల్విన్ దగ్గర మొదలుపెట్టండి. వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో వదిలేస్తే ఫోన్ కొవ్వొత్తి రంగుని చాలావరకు తీసేస్తుంది. నైట్ మోడ్ వద్దు, అది నీడని వెలిగించేస్తుంది. మరీ చీకటిగా ఉంటే ఐఎస్ఓ పెంచండి, షటర్ సమయం పెంచకండి, మంట ఊగితే కోడి కూడా ఊగుతుంది. ఫ్యాన్ ఆపి, వెలిగించాక మూడు నాలుగు నిమిషాలు మంట కుదురుకోనిచ్చి, టైమర్ పెట్టి వరసగా పది పదిహేను తీయండి. కర్టెన్లు మంటకి దూరంగా ఉండాలి.

నీడలో తల అంచులు స్పష్టంగా, ఒంటి అంచులు కాస్త మెత్తగా వస్తే కంగారు పడకండి. గోడకి దగ్గరున్నది అట్ట, దూరంగా ఉన్నది గుడ్డు, అందుకే ఆ తేడా. ఫోటోని క్రాప్ చేసేటప్పుడు కోడి వెనక వైపు కాస్త ఖాళీ వదలండి, ముక్కుకీ గుడ్డుకీ మధ్య ఉన్న సన్నటి వెలుగు మాత్రం నీడ అంచుల్లో కలిసిపోకుండా చూసుకోండి.