కబడ్డీ పట్టు తెలిసినవాడికి అమెరికన్ ఫుట్‌బాల్ టాకిల్

శ్రీకాకుళం వైపు కార్నర్‌లో ఆడేవాళ్లకు తొడ పట్టు కొత్త కాదు. టాకిల్ అంటే బంతి పట్టుకున్నవాణ్ని పట్టి పడేయడం. తేడా వేగంలో ఉంది: వాడు నేరుగా మీదికి దూసుకొస్తాడు. పట్టుకుంటే చాలదు, ముందుకు పడనివ్వకుండా వెనక్కి నెట్టాలి. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళితే వాళ్లకు మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి కాబట్టి ప్రతి అడుగూ లెక్కే.

కళింగపట్నం ఇసుకలో మొదలుపెట్టండి. ముందు మోకాళ్ల మీద, తర్వాత నడకలో, చివరికి పరుగులో. దగ్గరకు రాగానే అడుగులు చిన్నవి చేసి మోకాళ్లు వంచాలి. చూపు అతని నడుము మీదే; భుజాలూ కళ్లూ మోసం చేస్తాయి, నడుము చెయ్యదు. దగ్గరి భుజాన్ని తొడకు ఆనించి, చేతులు మోకాళ్ల వెనక బిగించి, అయిదడుగులు తోయాలి.

తల దించారా, మెడ విరిగే ప్రమాదం. హెల్మెట్ ఉందన్న ధీమాతోనే చాలామంది తల దించుతారు. తల ఎత్తి, అతని శరీరానికి ఒక పక్కన ఉంచాలి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తల దించి హెల్మెట్‌తో గుద్దితే 15 గజాల పెనాల్టీ. వెనకనుంచి మెడపట్టీ లాగి పడేసినా అంతే. దూకి కాళ్లు పట్టే అలవాటు కూడా మానాలి, తప్పిపోతే వెనక ఆపేవాడు ఉండకపోవచ్చు.