సోయా పాలు పొయ్యెక్కించే ముందు

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు సోయా ఇంటి పంటే, గింజలకు కొదవ లేదు. చిక్కూ అక్కడే. విత్తగా మిగిలిన గింజలకు మందు పట్టించి ఉండొచ్చు; ఎర్రగానో గులాబీగానో కనిపిస్తే ఎంత కడిగినా తినడానికి పనికిరావు. రంగు లేకున్నా విత్తనాల సంచిలోవి ముట్టుకోవద్దు.

- 100 గ్రాముల గింజలకు అర లీటరు నీళ్లు పోసి 8 గంటలు నానబెట్టండి. ఎండాకాలం 6 చాలు. పులిసిన వాసనొస్తే పారబోయండి.

- నానిన గింజల్ని మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి, వార్చి, చల్లారాకే రుబ్బండి. పచ్చిగా రుబ్బితే గింజలోని ఎంజైమ్ నూనెను మార్చేసి చిక్కుడు వాసన తెస్తుంది. వేడివేడిగా మిక్సీలో వేస్తే ఆవిరికి మూత ఎగిరిపడుతుంది. రుబ్బడానికి మొత్తం 800 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి.

- రుబ్బింది వడకట్టి పాలు పొయ్యి మీద పెట్టేటప్పుడు గిన్నె సగానికి మించి నింపొద్దు. అందరూ బోల్తాపడేది ఇక్కడే: పాలు అసలు మరగకముందే నురగ పొంగుతుంది, కాగాయనుకుని దించేస్తారు. నిజానికి అవింకా పచ్చివే. అరుగుదలను అడ్డుకునే పదార్థం పోదు, కడుపునొప్పి, వాంతులు రావచ్చు. మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ, మరుగు మొదలయ్యాక 15-20 నిమిషాలు కాచండి. వడకట్టిన పిప్పినీ ఉడికించాకే తినాలి.

- ఫ్రిజ్‌లో 3 రోజులు, అంతే.

ఏడాదిలోపు పిల్లలకు, సోయా పడనివాళ్లకు ఇవ్వొద్దు. ఇంటి సోయా పాలలో కాల్షియం గేదె పాలకంటే చాలా తక్కువ. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు 4 గంటల ఎడం పాటించాలి.