చేతి గేమ్ కన్సోల్ విప్పే ముందు

బాగుచేయడమా, వేరేది కొనడమా, ముందు లెక్క చూసుకోండి. జాయ్‌స్టిక్, బటన్ కింది రబ్బరు, బ్యాటరీ లాంటివి పాడైతే బాగుచేసుకోవడమే నయం. బోర్డు కాలి స్క్రీన్ కూడా పగిలితే, అదే మోడల్ సెకండ్‌హ్యాండ్‌లో ఎంతకు వస్తుందో చూశాకే స్క్రూడ్రైవర్ పట్టండి. ఏళ్ల తరబడి ఆడిన సేవ్ ఫైళ్లు (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునేవి) అందులోనే ఉంటే మాత్రం ఈ లెక్క పక్కన పెట్టాల్సిందే!

- స్లీప్ మోడ్ సరిపోదు, పూర్తిగా ఆఫ్ చేయండి.
- మెమరీ కార్డు తీసేయండి. స్టీమ్ డెక్ అనే చేతి కన్సోల్‌లో మరిచిపోయి వెనక మూత లాగితే కార్డు విరుగుతుంది.
- బ్యాటరీ ఉబ్బి ఉంటే గుచ్చొద్దు, వంచొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. మామూలుగా ఉన్నా, మూత తీయగానే మొదట దాని కనెక్టరే ఊడదీయాలి.
- 1989 నాటి గేమ్ బాయ్ నుంచి స్విచ్ కన్సోల్ దాకా నింటెండో కంపెనీ తల మీద మూడు రెక్కల గాడి ఉండే స్క్రూలు వాడింది. సరైన బిట్ (స్క్రూడ్రైవర్ మొన) లేకుండా తిప్పితే తల అరిగిపోతుంది, ఇక ఆ స్క్రూ రాదు.
- స్క్రూల పొడవులు వేరువేరు. ఏది ఎక్కడిదో ఫోటో తీసుకోండి.
- రిబ్బన్ కేబుల్ (పల్చటి పట్టీ లాంటి తీగ) దగ్గర తొందర వద్దు. ముందు దాని కనెక్టర్ మీది చిన్న గొళ్లెం ఎత్తాలి. చాలా కన్సోళ్లు పోయేది ఇక్కడే.
- పాత గేమ్ కార్ట్రిడ్జ్‌లో బటన్ సెల్ (గుండ్రటి చిన్న బ్యాటరీ) తీస్తే సేవ్ చెరిగిపోవచ్చు.