వాక్యూమ్ గేజ్ ముల్లు చెప్పే ఇంజిన్ సంగతి

హనుమకొండలో సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు చూడబోయేవారు రంగునూ మీటరులోని కిలోమీటర్లనూ చూసి బేరానికి దిగుతారు గాని, ఇంజిన్ గాలిని పీల్చే బలాన్ని (వాక్యూమ్‌ను) ముల్లుతో చూపి, దాని లోపలి స్థితిని పది నిమిషాల్లో బయటపెట్టే వాక్యూమ్ గేజ్‌ను వెంట తీసుకువెళ్లేవారు అరుదు. డీజిల్ బండికి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాత ఏసీ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, థ్రాటిల్‌కూ (లోపలికి వెళ్లే గాలిని అదుపుచేసే మూతకూ) ఇంజిన్‌కూ నడుమనున్న మానిఫోల్డుకు (గాలి గొట్టానికి) గేజ్ పైపును తగిలించాలి. వేరే చోటు దొరకక బ్రేక్ బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో బ్రేకును తేలిక చేసే భాగం) పైపును ఊడదీసి అక్కడే తగిలిస్తే, బ్రేకు పెడల్ బిగుసుకుపోతుంది కాబట్టి పరీక్ష ముగిసేదాకా బండిని కదిలించరాదు.

సముద్రమట్టం వద్ద మంచి ఇంజిన్ స్లో స్పీడ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తున్నప్పుడు, సుమారు 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలతలో) చూపుతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది కనుక, వరంగల్‌లో 16 చూపినా కంగారుపడనక్కరలేదు. నా దృష్టిలో అంకె కంటే ముల్లు కదలికే ముఖ్యం.

నేను చూసిన ఒక కారులో ముల్లు 18 దగ్గర నిలిచినట్టే నిలిచి, లెక్కపెట్టినట్టుగా ఒకే ఎడంతో రెండు మూడు అంగుళాలు కిందికి జారి, వెంటనే పైకి వచ్చేది. "ప్లగ్గులు మారిస్తే సెట్ అయితదన్నా" అన్నాడు అమ్మేవాడు. ప్లగ్గులు మార్చినా ఆ జారుడు పోలేదు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడగా ఒక సిలిండర్‌లో తక్కువ వచ్చింది, హెడ్ (ఇంజిన్ పైభాగం) విప్పితే వాల్వు కాలి ఉంది. స్లో స్పీడ్‌లో వణికిన ముల్లు రేస్ పెంచగానే కుదురుకుంటే వాల్వ్ గైడ్లను (వాల్వు కాడ కదిలే గొట్టాలను), రేస్‌తో పాటు వణుకూ పెరిగితే వాల్వ్ స్ప్రింగులను అనుమానించాలి. కదలకుండా బాగా తక్కువలో నిలబడితే మానిఫోల్డ్ గ్యాస్కెట్ (అతుకు మధ్య వేసే సీలు) దగ్గర గాలి లీకవుతుందేమో మొదట వెతకాలి.

ఒక్కసారిగా రేస్ ఇచ్చి వదిలినప్పుడు ముల్లు సున్నా దగ్గరికి పడి, 24 దాకా ఎగిరి, యథాస్థానానికి రావాలి. ఆ ఎగురు మందగిస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. 2,500 ఆర్‌పీఎం వద్ద నిలకడగా పట్టినప్పుడు ముల్లు మెల్లమెల్లగా దిగజారుతుంటే సైలెన్సర్ గాని, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధిచేసే భాగం) గాని మూసుకుపోయిందని అనుమానించాలి.

బూస్టర్ పైపును ఊడదీసి ఉంటే, చివరగా దాన్ని తిరిగి ఎక్కించి, క్లిప్పు బిగించి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్ మెత్తగా దిగుతున్నదో లేదో తొక్కి చూశాకే గేరు వేయాలి.